పారామెడికల్ చదువు – చేరే ముందు తెలుసుకోవలసినవి

ఇంటర్ పూర్తికాగానే మన హాస్టల్ బైపీసీ విద్యార్థులకు ఒకటే దిగులు: ఎం.బి.బి.ఎస్. సీటు రాకపోతే ఇక డిగ్రీయేనా? కాదు. ఆసుపత్రి డాక్టర్లు, నర్సులతో మాత్రమే నడవదు. ల్యాబ్, ఎక్స్‌రే, డయాలిసిస్, ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్లు లేకపోతే వైద్యం ముందుకు సాగదు. వీరిని తయారుచేసేవే పారామెడికల్ కోర్సులు.

ఉదాహరణకు ల్యాబ్ కోర్సు (డి.ఎం.ఎల్.టి.) తీసుకుందాం. రక్తం తీయడమే కదా అని మనం తేలికగా అనుకుంటాం. కానీ ఏ ట్యూబులో తీశామన్నది ముఖ్యం. ఊదా మూత ట్యూబులో ఇ.డి.టి.ఎ. ఉంటుంది. అది కాల్షియంను పట్టుకొని రక్తం గడ్డకట్టకుండా ఆపుతుంది. రక్తకణాల లెక్కకు ఇది వాడతారు. బూడిదరంగు మూత ట్యూబులో ఫ్లోరైడ్ ఉంటుంది. ఇది షుగర్ పరీక్షకు.

ఫ్లోరైడ్ ఎందుకు? బయటకు తీసిన తరువాత కూడా రక్తకణాలు చక్కెరను వాడుకుంటూనే ఉంటాయి. మామూలు ట్యూబులో వదిలేస్తే గంటకు సుమారు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. పరగడుపున 140 ఉన్న రోగికి రెండు గంటల తరువాత 124 దగ్గర రావచ్చు. 126, ఆపైన ఉంటే మధుమేహంగా అనుమానిస్తారు. అంటే జబ్బు ఉన్న మనిషి లేదనుకొని ఇంటికి వెళ్లిపోతాడు. ఇక్కడ తప్పు యంత్రానిది కాదు, మనిషిది.

కాబట్టి ఈ చదువుకు ప్రాణం ఆసుపత్రిలో చేసే ప్రాక్టికల్స్. 2021లో వచ్చిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం కూడా టెక్నీషియన్ చదువుకు కనీసం 2,000 గంటలు ఉండాలని చెప్పింది.

మాలో ఒకరు ఇవేవీ అడగకుండా, ఇంట్లో అప్పు చేసి ఒక సంస్థలో చేరారు. దానికి గుర్తింపు లేదని తెలిసేసరికి ఏడాది గడిచిపోయింది. డబ్బూ రాలేదు, సర్టిఫికెట్టూ రాలేదు. మన ఇళ్లలో చెప్పేవారు ఉండరు కనుక మనమే అడిగి తెలుసుకోవాలి.

1. ఈ కాలేజీకి, ఈ కోర్సుకు రాష్ట్ర పారామెడికల్ బోర్డు గుర్తింపు ఉందా?
2. ప్రాక్టికల్స్ ఏ ఆసుపత్రిలో, వారానికి ఎన్ని రోజులు?
3. ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందా? ఈ విషయం కాలేజీవారిని కాక వార్డెన్ గారిని, సంక్షేమ శాఖ కార్యాలయంలో అడగాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! రేపు మన అమ్మానాన్నల రక్తం పరీక్షించేది కూడా ఎవరో ఒక టెక్నీషియనే. ఆ పని బాగా నేర్చిన చెయ్యి మనదే ఎందుకు కాకూడదు?