క్షమాధికారమున పదపంచకము: పార్డన్ మొదలు రిప్రీవ్ వరకు

రాజ్యాంగపు 72వ అధికరణము రాష్ట్రపతికిని, 161వ అధికరణము గవర్నరునకును ఒసగిన క్షమాధికారమునందలి ఐదు ఆంగ్లపదములు పైకి సమానార్థకములుగా దోచినను, జతపరచు ప్రశ్నలకు అనువైన భేదము వానియందు స్పష్టముగా నున్నది. శిక్షతోపాటు దోషనిర్ధారణను సైతము తుడిచివేయునది పార్డన్. మరణశిక్షను యావజ్జీవముగా జేసినట్లు శిక్షాస్వభావమునే మార్చునది కమ్యుటేషన్. స్వభావము మార్పక, పదేండ్ల కఠిన కారాగారమును ఐదేండ్లకు కుదించునది రెమిషన్. అభ్యర్థులు మిక్కిలి తొట్రుపడునది కడపటి జంటయందే: స్త్రీ గర్భవతియగుట, అంగవైకల్యము వంటి విశేష కారణముచే తక్కువ శిక్షతో సరిపెట్టుట రెస్పైట్ కాగా, క్షమాభిక్ష కోరుకొనుటకు వ్యవధి దొరకునట్లు మరణశిక్ష అమలును తాత్కాలికముగా నిలుపుట రిప్రీవ్. సైనిక న్యాయస్థానపు శిక్షలపై గవర్నరునకు అధికారము లేదు. క్షమాధికార నిర్ణయములు పరిమిత న్యాయసమీక్షకు లోబడునని సుప్రీంకోర్టు 2006లో ఏపూరు సుధాకర్ కేసున, ఆంధ్రప్రదేశ్ గవర్నరు ఉత్తర్వును కొట్టివేయుచు, స్పష్టపరచెను. ఈ కేసు పేరు తప్పక గుర్తుంచుకొనవలెను.