చచ్చి బతికితే ఒట్టు తీరిపోతుందా?

ప్రశ్న:

మాది గుడియాత్తం. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం. తాత కాలం నుంచి లుంగీల మగ్గాలు మావి. నేను వేలూరులో ఒక షోరూములో లెక్కలు చూస్తా, వారం వారం ఇంటికి పోయి వస్తా.

మా నాయనకు ఒకే చెల్లెలు. మామ పోయినాక అత్త బీడీలు చుట్టి ఇద్దరు ఆడపిల్లల్ని పెంచింది. పన్నెండేళ్ళ కింద నాయన బ్యాంకులో అప్పు తీసుకోవాలంటే ఇంటి కాగితాల మీద అత్త సంతకం కావాల్సొచ్చింది. ఆమె మారుమాట లేకుండా విడుదల పత్రం మీద సంతకం పెట్టేసింది. దానికి బదులు నాయన గంగమ్మ గుళ్ళో కర్పూరం వెలిగించి, చేత్తో ఆర్పి సత్యం చేసినాడు. "వెనక మగ్గమిల్లు నీది. అప్పు తీరిన రోజు నీ పేర రాసిస్తా" అని. నేను పక్కనే ఉండాను. ఆ అప్పు పోయినేడే తీరిపోయింది.

సంక్రాంతి అయినాక నాయనకు గుండెనొప్పి వచ్చింది. అంబులెన్సులో పళ్ళికొండ దాటేటప్పటికే స్పృహ లేదు. వేలూరు ఆస్పత్రిలో గుండె పూర్తిగా నిలిచిపోయింది. డాక్టర్లు రొమ్ము మీద అదిమి, షాకిచ్చి మళ్ళీ కొట్టుకునేట్టు చేసినారు. ఆ దినాలన్నీ అత్త ఆస్పత్రి ఎదుటి లాడ్జిలోనే ఉండింది. పొయ్యి, గిన్నెలు అద్దెకు తీసుకుని మా అందరికీ గంజి కాచి, అన్నం వండి పంపింది.

మొన్న శిరసు తిరునాళ్ళకు ఇంటికి వచ్చినప్పుడు అత్త మెల్లిగా మగ్గమిల్లు మాట ఎత్తింది. నాయన ఏమన్నాడంటే, "ఆ సత్యం చేసినోడు వేలూర్లో చచ్చిపోయినాడు. ఇప్పుడు నీ ముందర ఉండేది వేరే మనిషి. గంగమ్మకు తల తెగి వేరే ఒళ్ళు రాలేదా?" అన్నాడు. మా చిన్నాన్న కొడుకు దానికి వంత. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్'లో జాన్ స్నో కూడా చచ్చి లేచినాక పాత ప్రతిజ్ఞ వదిలేసినాడంట.

ఇంకో సంగతి. మా అక్క ఇష్టపడి పెళ్ళి చేసుకుందని "నా ఒంట్లో ప్రాణం ఉండగా నీ గడప తొక్కను" అని నాయన ఎప్పుడో ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టు మాత్రం అట్లనే ఉందంట.

నాయన బుర్ర ఏమీ చెడలేదు. ఐసీయూ నుంచి వార్డుకు మార్చిన రోజే నోటుబుక్కు తెప్పించుకుని, లుంగీల బాకీలు ఎవరెవరు ఇయ్యాలో నాచేత చదివించుకుని, నన్ను ఆంబూరుకు వసూలుకు పంపినాడు.

నాయన చెప్పింది శాస్త్రంలో ఉందా? అత్తకు రాసియ్యకపోతే మాకేమైనా దోషం తగులుతుందా?

– ఒక కొడుకు, గుడియాత్తం

జవాబు:

అబ్బాయీ,

చెల్లెలి వాటా ఎగ్గొట్టే అన్నల గురించి నాకు ఉత్తరాల కరువేమీ లేదు. నీదీ ఆ కట్టలోనే పడేసేదాన్ని. నోటుబుక్కు దగ్గర ఆగిపోయాను.

సత్యం చేసినవాడు చచ్చిపోయాడు, సరే. మరి ఆంబూరు వాళ్ళకు లుంగీలు అరువిచ్చినవాడు ఎవడు? వాడూ అదే మంచం మీద, అదే నిమిషంలో పోయాడు కదా! ఆ వ్యాపారి నిన్ను గుమ్మంలోనే నిలబెట్టి, "నాకు సరుకిచ్చిన పెద్దమనిషి పోయాడట పాపం, ఇప్పుడున్న ఆయనెవరో నేనెరగను" అని ఉంటే మీ నాయన సెలైన్ సూది పీక్కుని ఆంబూరు బస్సెక్కేవాడు. రావాల్సినదానికి పాత మనిషి, ఇవ్వాల్సినదానికి కొత్త మనిషి. ఇంత వాటంగా చావడం అందరికీ చేతకాదు.

చావు సంగతి రెండు ముక్కల్లో తేల్చేద్దాం. ఆగిన గుండెను మళ్ళీ ఆడించడం వైద్యం. మరణం అనాలంటే ప్రాణం ఆనవాళ్ళు శాశ్వతంగా పోవాలని 1994 నాటి అవయవ మార్పిడి చట్టమే చెబుతోంది. మీ నాయన పేరు రేషన్ కార్డులోంచి తీశారా? మీ అమ్మ బొట్టు తీసిందా? లేదు కదా. అయినా నిజంగానే పోయాడనుకుందాం. అప్పుడు మాత్రం మాట పోతుందా? మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. మాట ఇచ్చినవాడు దాన్ని నెరవేర్చకముందే పోతే, ఒప్పందంలో వేరే ఉద్దేశం కనిపిస్తే తప్ప, ఆ మాట అతని వారసులను కట్టేస్తుందని అందులో 37వ సెక్షను. అంటే మీ నాయన వాదం నెగ్గితే బరువు వచ్చి పడేది నీ నెత్తిన. నోటి మాటకు, విడుదల పత్రానికి కోర్టులో ఏ మాత్రం విలువ ఉంటుందో మంచి వకీలును అడుగు. ఆ పని నాది కాదు.

ఇక గంగమ్మ. మీ ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషి ఆ తల్లిని సాక్ష్యానికి పిలవడమా! ఏటా వైకాసి నెల మొదటి తేదీన తరణంపేట ముత్యాలమ్మ గుడి నుంచి అమ్మవారి శిరసు బయల్దేరుతుంది. దారి పొడుగునా టెంకాయలు పగులుతుంటే గోపాలపురం గంగమ్మ గుడికి చేరుతుంది, చండాలి ఒంటి మీద నిలుస్తుంది, కళ్ళు తెరుస్తుంది. జనం దండం పెట్టుకుంటారు. సాయంత్రానికి తల మళ్ళీ వేరవుతుంది. ఇన్నేళ్ళలో ఒక్కరైనా, "అమ్మా, పోయినేడు నీకు మొక్కుకున్నాను గానీ, మధ్యలో నీ తల తెగింది కాబట్టి ఆ మొక్కు చెల్లదు" అన్నారా? పోయినేటి మొక్కుకు ఈ ఏడు టెంకాయ కొడతారు. ఈ తల్లి కథలో రేణుకమ్మ సంగతీ అంతే. భర్త జమదగ్ని కొడుకు పరశురాముడితో తల నరికించాడు, ఆ కొడుకు అడిగిన వరంతో ఆమె వేరే ఒంటితో లేచింది. లేచాక ఆమెకు మళ్ళీ పెళ్ళి చేశారా? పరశురాముణ్ణి "నువ్వెవరి బిడ్డవు నాయనా" అని ఎవరైనా అడిగారా? ఒళ్ళు మారినా ఆమె ఆ ఇంటి మనిషే. మీ నాయనకు ఒళ్ళు కూడా మారలేదాయె.

జాన్ స్నోను తెచ్చిన మీ తమ్ముడికి ఒక మాట చెప్పు. ఆ కుర్రవాడి ప్రతిజ్ఞలోనే గడువు ఉంది, నా కాపలా చావుతోనే ముగుస్తుంది అని. సొంత మనుషులే పొడిచి చంపారు, మంత్రగత్తె లేపింది. అప్పుడతను పొడిచినవాళ్ళను ఉరితీసి, తన నల్లంగీని తోటివాడి చేతిలో పెట్టి, అందరి కళ్ళెదుటా కోట వదిలి వెళ్ళిపోయాడు. అధికారం ఉంచుకుని బాధ్యత మటుకు దులుపుకోలేదు. ఆ లెక్కన మీ నాయన కూడా మగ్గాలు, ఇల్లు, నోటుబుక్కు అన్నీ ఎవరికైనా అప్పగించి కాశీకి పోవాలి. పోతాడా? పైగా గుళ్ళో ఆయన "నేను బతికుంటే రాసిస్తా" అనలేదు. "అప్పు తీరిన రోజు" అన్నాడు. అప్పు తీరింది, గుండె ఆగకముందే.

శాస్త్రంలో ఉందా అని అడిగావు కాబట్టి అర్జునుడి దగ్గరికి పోదాం. మీ వేలూరు, మా చిత్తూరు పల్లెల్లో ధర్మరాజుల గుళ్ళ ముందు భారతం పెట్టి, వీధినాటకం కట్టి, అర్జునుడి తపస్సుకు మాను ఎక్కిస్తారు. కానీ నేను చెప్పబోయేది యుద్ధమైపోయాక జరిగిన సంగతి. 1964లో ఎన్టీఆర్ నటించిన 'బభ్రువాహన' చూసినవాళ్ళకు కొంత గుర్తుంటుంది. తెలుగులో చదవాలంటే తిక్కన గారి అశ్వమేధ పర్వం ఉంది.

ధర్మరాజు వదిలిన గుర్రం వెంట అర్జునుడు పోతున్నాడు. గుర్రం మణిపురం చేరింది. అక్కడ రాజు బభ్రువాహనుడు, చిత్రాంగదకు అర్జునుడి వల్ల కలిగిన కొడుకు. తండ్రి వచ్చాడని కానుకలతో ఎదురొస్తే, క్షత్రియుడివై ఉండి యుద్ధం చేయవా అని అర్జునుడు చీదరించాడు. అర్జునుడి ఇంకో భార్య ఉలూచి కూడా వచ్చి ఆ కుర్రవాణ్ణి ఎగదోసింది. కొడుకు బాణానికి తండ్రి కూలిపోయాడు. చిత్రాంగద ఏడ్పు వినలేం. ఉలూచి నాగలోకపు సంజీవన మణిని తలచుకుంటే అది వచ్చింది. రొమ్ము మీద పెట్టగానే అర్జునుడు నిద్ర లేచినట్టు లేచాడు.

అప్పుడు ఉలూచి అసలు సంగతి చెప్పింది. శిఖండిని ముందు పెట్టుకుని భీష్ముణ్ణి కొట్టినందుకు వసువులు గంగానది ఒప్పుదలతో అర్జునుణ్ణి శపించారు. ఉలూచి తండ్రి వాళ్ళ కాళ్ళావేళ్ళా పడితే, కొడుకు చేతిలో కూలితే శాపం తీరిపోతుందన్నారు. అది ఇప్పుడు తీరిపోయింది. చూశావా, మీ నాయన ఇక్కడ ఎగిరి గంతేస్తాడు: "చెప్పలా? చచ్చి లేచినాక బాకీ పోయింది!"

ఎవరు పోగొట్టారు? భీష్ముడు వసువుల్లో ఒకడు, వాళ్ళ తోడబుట్టినవాడు. గంగానది అతని కన్నతల్లి. ఎవరికి అన్యాయం జరిగిందో వాళ్ళే, ఇదీ పరిహారం అని ముందుగా నోటితో ఒప్పుకున్నారు. అందుకని తీరింది. అర్జునుడు తనకు తానే "నేను పోయి వచ్చాను, ఇక చెల్లు" అనలేదు.

ఆ తర్వాత జరిగినది ఇంకా ముఖ్యం. బభ్రువాహనుడు చేతులు జోడించి, ఈ ఒక్క రాత్రి మా ఊళ్ళో ఉండి, పొద్దున పోవచ్చు గదా అని బతిమాలాడు. ఇద్దరు భార్యలు ఎదురుగా ఉన్నారు. అప్పుడే చావు నుంచి లేచిన ఒళ్ళు. అర్జునుడు ఒప్పుకోలేదు. నేను దీక్షలో ఉన్నాను, గుర్రం ఎటుపోతే అటు పోవాలి, నీ ఊళ్ళోకి రాను అన్నాడు. శాపం పోయింది, దీక్ష పోలేదు. అవతల ధర్మరాజు యాగశాలలో ఎదురుచూస్తున్నాడు, ఆయన తమ్ముణ్ణి విడుదల చేయలేదు మరి! ఒకే మనిషికి, ఒకే చావు. ఒక బంధం తెగింది, ఒకటి నిలిచింది. రెండు చోట్లా తేల్చినది అవతలివాళ్ళు.

మీ ఇంట్లో అవతలివాళ్ళంటే మీ అత్త. "అన్నా, నువ్వు బతికొచ్చినావు, నాకదే చాలు, ఆ మగ్గమిల్లు వద్దు" అని ఆమె అంటే ఒట్టు తీరినట్టే. అనలేదు, అడిగింది. కాబట్టి అది బతికే ఉంది. ఇప్పుడు నువ్వు పోయి ఆమెచేత ఆ మాట అనిపించాలని చూస్తావేమో, ఆ పని చేయకు. ఆడపిల్లల చేత "వద్దులే" అనిపించడంలో మన కుటుంబాలకు పెద్ద పనితనం ఉంది. పుట్టింటి తలుపు మూసుకుపోతుందన్న భయం ఒక్కటి చాలు, చేతి గాజులు కూడా తీసి ఇచ్చేస్తారు. నలుగురిలో నిలబెట్టి, పసుపు కుంకుమ పళ్ళెం చేతికిచ్చి, రవిక గుడ్డ పెట్టి, "మా చెల్లెలు బంగారం" అంటే ఆ బంగారం నోరు విప్పుతుందా? సంతకాలు ఆడవాళ్ళ చేత కాగితం మీద పెట్టించుకుంటారు, వాళ్ళకిచ్చే మాట మటుకు గాలిలో, లేదంటే కర్పూరం మీద. కర్పూరం ఆరిపోయాక బూడిద కూడా మిగలదని మగవాళ్ళకు బాగా తెలుసు. తండ్రి పోతే "నాయన ఏమన్నాడో నాకేం తెలుసు" అని అన్న తప్పుకుంటాడు, అన్న పోతే వదిన తప్పుకుంటుంది. ఇలా చావును అడ్డం పెట్టుకుని ఆడపిల్లల బాకీ మాఫీ చేసుకున్న ఇళ్ళు కోకొల్లలు. బతికుండగానే ఆ ఉపాయం వాడినది మాత్రం మీ నాయనే.

ఇప్పుడు నీ సంగతి. "మాకేమైనా దోషం తగులుతుందా" అని అడిగావు. అత్తకు అన్యాయం జరుగుతుందా అని అడగలేదు. కర్పూరం ఆర్పినప్పుడు పక్కనే ఉన్నావు. తిరునాళ్ళ నాడు నాయన ఆ మాట అన్నప్పుడూ ఉండే ఉంటావు, నోరు తెరిచావా? లాడ్జిలో ఆమె వండిన అన్నం తిన్నవాళ్ళలో నువ్వూ ఒకడివి. ఆ మగ్గమిల్లు రేపు నీకొస్తుందన్న ఆశ ఉత్తరం పొడుగునా కనబడుతూనే ఉంది, చివరి వాక్యంలో మరీను. దోషం సంగతి గంగమ్మ చూసుకుంటుంది. నువ్వు సాక్షివి, సాక్షిగా మాట్లాడు.

అక్క విషయం చిన్నది. ఆ ఒట్టు మీ నాయన కోపంలో తన కాళ్ళకు తాను వేసుకున్న సంకెల. దానివల్ల ఎవరికీ ఏమీ రావాల్సింది లేదు, విడిపించమని ఎవరినీ అడగనక్కర్లేదు కూడా. "ఒంట్లో ప్రాణం ఉండగా" అన్నాడు, ఆ ప్రాణం వేలూర్లో ఒకసారి పోయిందని తానే ఊరంతా చాటుతున్నాడు. ఆయన వాదం చెల్లేది ఈ ఒక్క ఒట్టుకే, దీన్నే ఆయన వదలడం లేదు! మనవలుంటే తీసుకురమ్మని అక్కతో చెప్పు. తాత గడప తొక్కకపోతే వాళ్ళే తాత గడప తొక్కుతారు.

గుండె జబ్బు మనిషి, అరిచి గొడవ చేయకు. ఒక ఆదివారం పొద్దున ఆయన పలహారం తిని తీరిగ్గా ఉన్నప్పుడు ఆ నోటుబుక్కే తీసుకుపో. రావాల్సినవి రాసిన పేజీ ఎదుటి పేజీలో ఇవ్వాల్సినవి అని రాసి, మొదటి పేరు అత్తది పెట్టు, ఎదురుగా మగ్గమిల్లు. బాకీలన్నీ వరసగా చదివి వినిపిస్తూ అదీ అదే గొంతుతో చదువు. కొట్టేయమంటే, ఆంబూరు వాళ్ళవి కూడా కొట్టేయమంటావా నాయనా అని అడుగు. ఒప్పుకున్నాక ఆలస్యం వద్దు. సెటిల్మెంటు పత్రం రాయించి రిజిస్ట్రారు ఆఫీసుకు ఇద్దరినీ నువ్వే తీసుకుపో, సాక్షి సంతకం నీదే ఉండాలి. ఆడి నెల వస్తోంది, మంచిది కాదు, ఆవణిలో చూద్దాం అంటాడు. అన్నాడంటే నాకు మళ్ళీ రాయి, ఈసారి మీ నాయన పేరుకే జవాబిస్తాను.