సీమ యువత: ముఠా బాట నుంచి సొంత యూనిట్ వైపు

రాయలసీమలోని కర్నూలు జిల్లా ఆలూరు ప్రాంతంలో వాన మొహం చాటేస్తే కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని మిర్చి కోతలకు గుంటూరు బాట పడతాయి. చదువుకున్న కుర్రాళ్లు బెంగళూరు, హైదరాబాద్ బస్సెక్కుతారు. అక్కడా డిగ్రీకి తగ్గ కొలువు దొరకడం గగనమే. పనిలేని ఇలాంటి యువకులనే ఒకప్పుడు ఫ్యాక్షన్ ముఠాలు అనుచరులుగా చేర్చుకున్నాయి.

సొంత వ్యాపారం ఒక విరుగుడు. 2008లో మొదలైన ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం (పీఎంఈజీపీ)లో తయారీ యూనిట్ వ్యయ పరిమితి రూ.50 లక్షలు, సేవారంగానికి రూ.20 లక్షలు. రాయితీ జనరల్ వర్గానికి పట్టణంలో 15 శాతం, గ్రామంలో 25 శాతం. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మహిళలకు వరుసగా 25, 35 శాతం.

చిన్న వ్యాపారాలకు అప్పులిచ్చే ముద్ర యోజన కూడా 2015 ఏప్రిల్ 8న వచ్చింది.

అప్పు పుట్టినంత మాత్రాన చాలదు, సరుకు కొనేవాళ్లూ దగ్గర్లో ఉండాలి. ఆ ఆశకు ఊతం పారిశ్రామిక నగరాలే: 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 12 పారిశ్రామిక నగరాల్లో ఓర్వకల్లు, కొప్పర్తి రెండూ సీమవే.