కృష్ణా డెల్టాలో చారిత్రక యాత్ర

ఉద్దేశం: చారిత్రక స్థలాలను, ప్రదర్శనశాలలను ఎలా చూడాలో తెలియజేయడం, పూర్వుల ఆనవాళ్లను కాపాడవలసిన బాధ్యతను విద్యార్థులలో కలిగించడం.

చారిత్రక స్థలం అనగానే కొండమీది కోట, రాతి గోపురం, గుహాలయం గుర్తుకు వస్తాయి. దిగువ కృష్ణా డెల్టాలో ఇటువంటివి అరుదు. ఇది ఒండ్రుమట్టి నేల. తవ్వితే మట్టి, ఇసుక, నీరు తప్ప రాయి కనిపించదు. అందువల్ల ఇక్కడి ప్రాచీనులు ఇటుకలతో కట్టుకున్నారు; శిల్పానికి కావలసిన సున్నపురాయిని ఎగువ ప్రాంతాల నుండి తెప్పించుకున్నారు. ఆ కట్టడాలు శిథిలమైన తరువాత దిబ్బలుగా మిగిలాయి. ఈ ప్రాంతంలో చరిత్రను చూడదలచినవారు తల పైకెత్తి గోపురం కోసం వెతకడం కంటె, కాళ్లకింది నేలను పరిశీలించడం మేలు.

ఈ యాత్రను విజయవాడలోని బాపు మ్యూజియంతో ప్రారంభించడం సమంజసం. దీని పాత పేరు విక్టోరియా జూబిలీ మ్యూజియం. 1921లో విజయవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘం సమావేశమైనప్పుడు, మచిలీపట్నం సమీపంలోని భట్లపెనుమర్రులో జన్మించిన పింగళి వెంకయ్య తాను రూపొందించిన పతాకాన్ని గాంధీజీకి సమర్పించారు. ఆ చరిత్రతో ముడివడిన ఈ భవనంలో అల్లూరులో లభించిన బుద్ధుని పాలరాతివంటి సున్నపురాతి విగ్రహం ఉంది. డెల్టా గ్రామాలలో దొరికిన శిల్పం ఎటువంటిదో ఇక్కడ ముందుగా చూసినవారికి, తరువాత ఎదురయ్యే ఖాళీ దిబ్బల విలువ బోధపడుతుంది.

విజయవాడ నుండి ఆగ్నేయంగా సాగితే గుడివాడ వస్తుంది. నేడది బియ్యం మిల్లులకు, వ్యాపారానికి పేరొందిన పట్టణం. పూర్వం అక్కడ ఒక బౌద్ధ స్తూపం ఉండేది. పందొమ్మిదవ శతాబ్దిలో దానిని పగులగొట్టి, ఆ ఇటుకలను రోడ్డు నిర్మాణానికి వాడుకున్నారు. రాయి దొరకని సీమలో రోడ్డు వేయవలసి వచ్చినప్పుడు చేతికందే దూరంలో ఉన్న పాత ఇటుకల కుప్ప చవకైన వనరుగా కనిపించింది. అలా పగులగొట్టినప్పుడు లోపల నాలుగు ధాతు పేటికలు బయటపడ్డాయి. స్తూపం గర్భంలో భద్రపరిచే అటువంటి పేటికలు కాలనిర్ణయానికీ, మతచరిత్రకూ ముఖ్యమైన ఆధారాలు. అవి ఏ పొరలో, ఏ దిక్కున, ఏ అమరికలో ఉన్నాయో నిపుణులు పరిశీలించి నమోదు చేసి ఉంటే ఎంతో తెలిసేది. వస్తువు దొరకడం వేరు, దాని చోటు తెలియడం వేరు. చోటు తెలియని వస్తువు సగం కథను మాత్రమే చెబుతుంది.

పట్టణానికి పడమటగా ఉన్న పెద్ద దిబ్బ పాత ఊరు ఉండిన స్థలమని పరిశీలకులు భావించారు. అక్కడ శాతవాహన కాలపు సీసపు నాణేలు లభించాయి. పట్టణంలోని పార్శ్వనాథుని ఆలయం జైనమత సంప్రదాయానికి సాక్ష్యంగా నిలిచి ఉంది. బౌద్ధ జైనాలు రెండూ వర్ధిల్లిన ఊరు ఇది అని గ్రహించడానికి ఈ రెండు చోట్లు చాలును.

గుడివాడ నుండి మచిలీపట్నం చేరితే డెల్టా చరిత్ర సముద్రం వైపు తిరుగుతుంది. క్రీస్తుశకం మొదటి శతాబ్దికి చెందిన 'పెరిప్లస్' అనే గ్రీకు నౌకాయాన గ్రంథం ఈ తీరాన్ని 'మసాలియా' అని పేర్కొని, ఇక్కడ నూలుబట్టలు విస్తారంగా తయారవుతాయని తెలిపింది. రెండవ శతాబ్దికి చెందిన టాలెమీ దీనిని 'మైసోలియా' అన్నాడు. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం ఆ రాజ్యానికి ప్రధాన రేవు. 1605లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు, 1669లో ఫ్రెంచివారు ఇక్కడ వర్తక స్థావరాలు నెలకొల్పారు. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డు నాయకత్వంలో ఆంగ్ల సేన రాత్రివేళ దాడి చేసి, ఫ్రెంచివారి నుండి బందరు కోటను వశపరచుకుంది.

ఆ వైభవానికి నేడు మిగిలిన గుర్తులు కొన్నే. బందరుకోటలో ఆయుధాగారపు శిథిలాలు, గంటస్తంభం కనిపిస్తాయి. పట్టణంలోని డచ్చివారి శ్మశానంలో వంశచిహ్నాలతో, అక్షరాలతో చెక్కిన పలకలు ఉన్నాయి. సముద్రాలు దాటి వచ్చి ఈ వేడిగాలిలో కన్నుమూసిన వర్తకుల పేర్లు వాటిపై చదవవచ్చు. కోట నిర్జనం కావడానికి యుద్ధం కంటె సముద్రమే ముఖ్య కారణమైంది. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించారు. ఆ విపత్తు తరువాత కోటలోని సైన్యాన్ని క్రమంగా ఉపసంహరించారు. రాయి కూలినా మళ్లీ పేర్చవచ్చు. ఊరు ఖాళీ అయితే జ్ఞాపకం కూడా ఖాళీ అవుతుంది.

అయితే బందరులో ప్రాణంతో ఉన్న చరిత్ర కూడా ఉంది. అది కలంకారీ అద్దకం. సమీపంలోని పెడనలో ఆ పని నేటికీ చూడవచ్చు. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు. ఇక్కడ టేకు కర్రతో చెక్కిన అచ్చులతో ముద్రిస్తారు. మొదట బట్టను కరక్కాయ రసంలో, పాలలో తడిపి ఆరవేస్తారు. బెల్లపు నీటిలో ఇనుప తుక్కును నానబెట్టి నల్లరంగు చేస్తారు. ఎరుపు రావలసిన చోట పటిక పూసి, రంగు నీటిలో ఉడికిస్తారు. పూర్వం ఈ ఎరుపును చిరివేరు నుండి తీసేవారు. తరువాత పారే నీటిలో పలుమార్లు ఉతికితే గాని రంగు తేటపడదు. కాలువ లేకపోతే ఈ కళ లేదన్నమాట. ఈ తీరం నుండి ఎగుమతి అయిన అద్దకపు బట్టలు నేడు ఐరోపా ప్రదర్శనశాలలలో గాజు వెనుక ఉన్నాయి. వాటిని తయారుచేసే నేర్పు మాత్రం ఇంకా ఇక్కడి చేతులలోనే ఉంది. ప్రదర్శనశాల వస్తువును కాపాడగలదు. నేర్పును కాపాడవలసింది దానిని కొని ఆదరించే సమాజం.

మచిలీపట్నానికి పడమరగా ఉన్న ఘంటసాల ఈ యాత్రలో అత్యంత ముఖ్యమైన మజిలీ. టాలెమీ పేర్కొన్న 'కొంటకొస్సిల' అనే వర్తక స్థానం ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. నాగార్జునకొండలో లభించిన ఇక్ష్వాకుల కాలపు శాసనం ఒకటి, బోధిసిరి అనే ఉపాసిక చేసిన దానాలను వరుసగా చెబుతూ, 'కంటకసేల'లోని మహాచైత్యపు తూర్పు ద్వారం వద్ద ఆమె కట్టించిన మండపాన్ని పేర్కొంటుంది. పదిహేడు శతాబ్దాల కిందట ఒక స్త్రీ తన ధనాన్ని దేనికి వెచ్చించిందో నేటికీ తెలుస్తున్నదంటే, అది రాతిమీద రాసినందువల్లనే.

అలెగ్జాండర్ రే అనే పురావస్తు అధికారి భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల స్తూపాలను పరిశీలించి 1894లో నివేదిక ప్రచురించాడు. ఘంటసాల స్తూపం లోపల ఇటుక గోడలు బండిచక్రపు ఆకుల వలె అమరి ఉన్నాయనీ, గోడల నడుమ మట్టి నింపారనీ ఆ పరిశోధనల వల్ల తెలిసింది. తక్కువ ఇటుకతో పెద్ద కట్టడాన్ని నిలబెట్టిన ఆ ఉపాయం ఒండ్రునేలకు తగినది. గ్రామంలోని చిన్న ప్రదర్శనశాలలో ఇక్కడి శిల్పఖండాలను చూడవచ్చు. మరికొన్ని ఘంటసాల శిల్పాలు పారిస్ నగరంలోని గిమే ప్రదర్శనశాలలో ఉన్నాయి. కృష్ణాతీరపు రైతుబిడ్డ తన ఊరి శిల్పాన్ని చూడడానికి ఫ్రాన్సు వెళ్లవలసి రావడం ఆలోచింపజేసే విషయం. అయినప్పటికీ అక్కడికి చేరిన శిల్పం పగలకుండా నిలిచింది. గుడివాడ స్తూపపు ఇటుకలు రోడ్డుకింద నలిగిపోయాయి. ఈ రెండింటికీ మేలైన మూడవ మార్గం, దొరికిన చోటనే భద్రపరచడం. ఘంటసాలలోని చిన్న ప్రదర్శనశాల ప్రాముఖ్యం అదే.

ఘంటసాలకు సమీపంలో కృష్ణ ఒడ్డున శ్రీకాకుళం గ్రామం ఉంది. ఇక్కడి ఆంధ్ర మహావిష్ణువు కలలో కనిపించి తెలుగులో కావ్యం రాయమని ఆజ్ఞాపించినట్లు శ్రీకృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద' అవతారికలో చెప్పుకున్నాడు. తెలుగు సాహిత్యం చదివే విద్యార్థి తప్పక చూడదగిన ఆలయమిది.

అక్కడి నుండి దక్షిణంగా పులిగడ్డ చేరితే కృష్ణ రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయల నడుమ ఉన్న లంక భూమే దివిసీమ. పులిగడ్డ వద్ద కాలువ నీరు వంతెన వంటి కట్టడం మీదుగా నదిని దాటి అవనిగడ్డ వైపు వెళుతుంది. కింద నది, పైన కాలువ! చరిత్ర అంటే రాజుల కోటలే కావు, పొలానికి నీరు చేర్చిన కట్టడాలు కూడా అని ఈ అక్విడక్టు బోధిస్తుంది. దీవి చివర హంసలదీవిలో వేణుగోపాలస్వామి ఆలయం ఉంది. దానికి దాపులోనే కృష్ణ సముద్రంలో కలుస్తుంది.

ఈ దీవిలో కంటికి కనిపించని చరిత్ర ఒకటి ఉంది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమను ముంచివేసింది. సుమారు 10,000 మంది మరణించినట్లు ప్రభుత్వ లెక్క. సొర్లగొంది వంటి తీరగ్రామాలు తుడిచిపెట్టుకుపోయాయి. అప్పటిని చూసినవారు ఇంకా మన మధ్య ఉన్నారు. నీరు ఎంతవరకు వచ్చింది, ఏ చెట్టు, ఏ మేడ ఎందరిని కాపాడింది అనే సంగతులు వారి నోటనే వినాలి. వాటిని రాసిపెట్టకపోతే, శాసనం లేని స్తూపం వలె ఆ అనుభవమూ మాసిపోతుంది. ఆ తరువాత తీరంలో నిర్మించిన తుపాను ఆశ్రయ భవనాలు కూడా చారిత్రక చిహ్నాలే.

ప్రాచీన స్థలాల రక్షణకు చట్టాలున్నాయి. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో విలువైన ప్రాచీన వస్తువు దొరికితే జిల్లా కలెక్టరుకు తెలియజేయాలి. 2010లో సవరించిన పురావస్తు చట్టం ప్రకారం, కేంద్రం రక్షించే కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణాలు నిషిద్ధం. ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. కాని ప్రతి దిబ్బకూ కావలి పెట్టడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు. దిబ్బ పక్కన పొలం దున్నే రైతు, గోడ కట్టుకునే గృహస్థు, ఆటకు వెళ్లే పిల్లవాడు – వీరే అసలైన కాపరులు. నాగలికి తగిలిన పెద్ద ఇటుకను గట్టుమీద పడవేయక, ఒక్క క్షణం ఆగి చూసే అలవాటు ఊరికి ఉంటే చరిత్ర మిగులుతుంది. గుడివాడ స్తూపం కూలిన నాడు ఆ ఒక్క క్షణం ఎవరూ ఆగలేదు.

అభ్యాసం

1. డెల్టా ప్రాంతంలో స్తూపాల ఇటుకలను రోడ్డు నిర్మాణానికి వాడడానికి కారణమేమి?
2. "వస్తువు దొరకడం వేరు, దాని చోటు తెలియడం వేరు" – వివరించండి.
3. బందరు కలంకారీ అద్దకపు విధానాన్ని సొంత మాటలలో రాయండి.
4. శిల్పాలను దొరికిన చోటనే భద్రపరచాలా, పెద్ద నగరాల ప్రదర్శనశాలలకు తరలించాలా? మీ అభిప్రాయాన్ని కారణాలతో సమర్థించండి.
5. మీ ఊరిలో పాత కట్టడాన్ని గాని, దిబ్బను గాని, చెరువును గాని ఎన్నుకొని, దానిని గురించి పెద్దలు చెప్పే సంగతులను సేకరించి ఒక వ్యాసం రాయండి.