కలుపుమందు మడిలో దిగే పరిశోధక విద్యార్థికి

కోటబొమ్మాళి చుట్టుపక్కల వరి కోయకముందే, తడి ఆరని మళ్లలో మినుము, పెసర చల్లడం పాత అలవాటు. తొలకరికి జీలుగ, జనుము, పిల్లిపెసర వేసి కలియదున్నే రైతులూ ఉన్నారు. ఈ పైర్లు నేలలోని సూక్ష్మజీవులకు ఏం మేలు చేస్తాయో, పైన కలుపుమందు పడితే వాటికేమవుతుందో తేల్చడానికి మడిలో దిగే పీజీ, పీహెచ్‌డీ విద్యార్థుల కోసం ఇది రాస్తున్నాను. పిల్లిపెసర వేరుబుడిపెను బ్లేడుతో కోసి, లోపల గులాబి రంగు ఉందో లేదో చూసే ఓపిక మీకుంది. చేతికి గ్లవుజు తొడుక్కునే ఓపిక కూడా అంతే ఉండాలి. "గడ్డికి కొట్టేదే కదా, మనిషికేమవుతుంది" అన్న మాట ఊళ్లో వినిపిస్తే నమ్మకండి.

చేయవలసినవి

డబ్బా మీద త్రికోణం రంగు చూడండి. ఎరుపు అన్నిటికన్నా ఘాటు విషం. ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉన్నా అది విషమే.

చిక్కటి మందు ఒంటిమీద పడేది ఎక్కువగా కలిపేటప్పుడే. నైట్రైల్ గ్లవుజులు, కళ్లద్దాలు, నిండు చేతుల చొక్కా, రబ్బరు బూట్లు అప్పటికే వేసుకుని ఉండాలి. గట్ల మీద రక్తపింజర తిరిగే నేలలో బూట్లు రెండు విధాలా అక్కరకొస్తాయి. పంపు మోసే కూలీకీ ఇవన్నీ ఇవ్వండి. "నాకలవాటే బాబూ" అన్నా సరే, తొడిగించాకే పంపు ఎత్తనివ్వండి. థీసిస్ మీది, ఒళ్లు ఆయనది.

గ్లైఫోసేట్ వాడకాన్ని 2022 అక్టోబరులో కేంద్రం పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేసింది. ప్రయోగంలో ఆ మందు పెట్టుకునే ముందు, ఇప్పుడు అమల్లో ఉన్న నిబంధన ఏమిటో మండల వ్యవసాయాధికారిని అడగండి.

బురదలో దిగేముందు పుండ్లకు, గాట్లకు కట్టు కట్టుకోండి. మెలియాయిడోసిస్ తెచ్చే బాక్టీరియా తడి వరి నేలల్లో ఉంటుంది, మధుమేహం ఉన్నవాళ్లకు ఇది మరీ ప్రమాదం. ఆ తర్వాత జ్వరం తగ్గకపోతే, బురదలో పనిచేశానని డాక్టరుకు చెప్పండి.

ల్యాబులో మట్టికి క్లోరోఫాం పట్టించే పని ఫ్యూమ్ హుడ్‌లోనే చేయండి. గాలి తీసిన గాజు పాత్ర పగలొచ్చు, కాబట్టి కళ్లద్దాలు తీయొద్దు.

చేయకూడనివి

నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదొద్దు. నీళ్లు పోసి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే చాలు.

మిగిలిన మందును కూల్‌డ్రింక్ సీసాలో అసలు పోయొద్దు. పారాక్వాట్ ఒక్క గుక్క ప్రాణం తీయగలదు, విరుగుడు లేదు. తాగిన రోజు మనిషి మామూలుగానే కనిపించి, తర్వాత మూత్రపిండాలు, ఊపిరితిత్తులు పాడైపోవచ్చు.

పంపును కాలువలో కడగొద్దు. 2,4-డి కొట్టిన పంపుతో వంగతోటకు పురుగుమందు కొట్టొద్దు. గాలి పక్క చేను మీదికి వీస్తుంటే ఆ రోజుకు పని ఆపండి. ఖాళీ డబ్బాను గట్టు మీద వదలొద్దు: మూడుసార్లు నీళ్లతో కడిగి, ఆ నీళ్లను పంపులోనే పోసి, డబ్బాకు చిల్లులు పెట్టండి. మందు బట్టల్ని ఇంటి బట్టలతో కలిపి ఉతకొద్దు.

మందు ఒంటిమీద పడితే బట్టలు విప్పి సబ్బునీళ్లతో కడగండి. కంట్లో పడితే పావుగంట ధారగా నీళ్లు పోయండి. మింగితే వాంతి చేయించొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి. టెక్కలికి తీసుకెళ్లినా శ్రీకాకుళానికి తీసుకెళ్లినా డబ్బా లేబుల్ వెంట ఉండాలి. పారాక్వాట్ మింగినవారికి ఆక్సిజన్ ఎక్కువైతే ఊపిరితిత్తులు మరింత దెబ్బతింటాయి, కాబట్టి ఏ మందో డాక్టరుకు మొదటి నిమిషంలోనే తెలియాలి.