జిమ్ బ్యాగులో పేరులేని మాత్రలు

ఇంటర్ చదివే అబ్బాయి అద్దం ముందు చొక్కా విప్పి చేతులు బిగించి చూసుకుంటున్నాడంటే కంగారు పడకండి, ఆ వయసే అంత. జిమ్‌కి వెళ్తానంటే పంపండి. కానీ బ్యాగులో ప్రోటీన్ డబ్బా పక్కన పేరులేని మాత్రల పట్టీ కనిపించి, "ఏంట్రా ఇది?" అంటే "విటమిన్లేనమ్మా, జిమ్‌లో అన్న ఇచ్చాడు" అన్నాడనుకోండి, ఆ మాటను అక్కడితో వదిలేయకండి.

'కోర్సు', 'సైకిల్' అంటూ చేతులు మారే స్టెరాయిడ్లలో ఆక్సాండ్రోలోన్ ఒకటి. అనవార్ అన్నది దాని పాత బ్రాండు పేరు. 1964లో అమెరికా మార్కెట్లోకి వచ్చింది. పెద్ద ఆపరేషన్ తర్వాతో, ఇన్ఫెక్షన్ తర్వాతో చిక్కిపోయినవాళ్లు మళ్లీ ఒళ్లు చేయడానికి డాక్టర్లు రాసేవారు. ఒళ్లు బాగా కాలినప్పుడు శరీరం తన కండను తానే కరిగించుకుంటుంది. అలా కాలిన పిల్లల మీద జరిగిన పరిశోధనల్లో ఈ మందు ఆ నష్టాన్ని తగ్గించింది కూడా.

అయితే అక్కడ మోతాదు బిడ్డ బరువును బట్టి ఉండేది, లివర్ పరీక్షలు జరుగుతుండేవి. ఎదిగే పిల్లలకైతే ఆరు నెలలకోసారి ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూడాలని మందు కాగితంలోనే ఉండేది. ఎందుకంటే పొడవాటి ఎముకల కొసల్లో మెత్తటి పొర ఉన్నంతకాలమే పిల్లలు ఎత్తు పెరుగుతారు. స్టెరాయిడ్ ఆ పొరను ముందే గట్టిపడేలా చేయగలదు. లివర్‌ను దెబ్బతీస్తుంది, మంచి కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుంది. ఆడపిల్లలు వాడితే గొంతు బొంగురుపోయి, మళ్లీ మామూలు కాకపోవచ్చు. 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందుకిచ్చిన అనుమతినే వెనక్కి తీసుకుంది. అంత జాగ్రత్తగా వాడిన మందుకే ఆ గతి పడితే, జిమ్ అన్న చేతిలో కొలత ఏది, పరీక్ష ఏది? ఆ పట్టీలో అసలు ఏ మందు ఉందో ఆయనకైనా తెలుసా?

వీపు నిండా హఠాత్తుగా మొటిమలు, అయినదానికీ కానిదానికీ కోపం, నెల తిరక్కుండానే బిగుతైపోయిన చొక్కాలు కనిపిస్తే ఒక కన్నేసి ఉంచండి. కళ్లు పచ్చబడితే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

దొరికిన మాత్రలను చెత్తబుట్టలో పడేసి నాలుగు తిట్టకండి. తిడితే దాచడం నేర్చుకుంటాడు. పట్టీని అలాగే పట్టుకుని డాక్టర్‌కి చూపించండి. ఎన్నాళ్లుగా, రోజుకెన్ని వేసుకున్నాడో వాడి నోటితోనే చెప్పనివ్వండి. కొన్నాళ్లు వాడి ఆపేస్తే, సొంత హార్మోను మళ్లీ పుంజుకునేదాకా నీరసం, దిగులు పట్టుకోవచ్చు. ఆ రోజుల్లో వాణ్ణి ఒంటరిగా వదలకండి.

ఒకసారి మీరే జిమ్‌కి వెళ్లి ఆ అన్నతో మాట్లాడండి. మన దేశంలో ఈ మందులు డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని మర్యాదగానే చెప్పండి. ఇంట్లో గుడ్లు, పప్పు, పెరుగు, కంటినిండా నిద్ర ఉండేలా చూసుకోండి. కండ నెమ్మదిగా వస్తుందని వాడికి ఓపిగ్గా చెప్పండి. ఆలస్యమైన కండ రేపైనా వస్తుంది. ఒకసారి మూసుకుపోయిన ఎముక మాత్రం మళ్లీ పెరగదు.