పక్షులను గుర్తెఱిగి తోలుట

పోచారము ఆయకట్టున, నాగిరెడ్డిపేట ఎల్లారెడ్డి ప్రాంతముల రైతులు వడిసెల చేతబట్టి కంటబడిన ప్రతి పిట్టను తోలుట కలదు. కంకి పాలుపోసికొను దినములలో తోలుట ఆవశ్యకమే. కాని రామచిలుకను తోలిన రాతితోనే ఏట్రింతనుగూడ తోలినచో నష్టము రైతునకే. ఏ పక్షి యేమి తినునో యెఱిగి తోలవలెను. ఇందుకు కొన్నాళ్లు కనిపెట్టి చూచుట చాలును.

మొదట ఇంటివద్దనే ప్రారంభింపవచ్చును. వరికంకులను కుచ్చుగా నల్లి చూరునకు వ్రేలగట్టు ఆచారము మనకు పూర్వమునుండి యున్నదే. వేసవిలో ప్రక్కనొక మూకుడుతో నీరుంచి ప్రతిదినము మార్చవలెను. నిలువనీట దోమలు పెరుగును. విత్తనశుద్ధి మందు కలిపిన గింజలను ఎన్నడును వేయరాదు. కుచ్చుపై వ్రాలు ఊరపిచ్చుక గింజలు తినును, నిజమే. అయితే గూటిలో పిల్లలున్నపుడు దాని ముక్కును చూడుడు. తొలిదినములలో పిల్లలకు పురుగులే ప్రధానాహారము.

ఇక చేనిలో. నల్లని మేను, చీలిన తోక గల ఏట్రింత పశువుల వీపుపై కూర్చుండి, లేచిన మిడుతలను పట్టును. దసరానాడు దర్శనమునకై వెదకు పాలపిట్టయు మిడుతలను, పెంకుపురుగులనే వేటాడును. ఆ యొక్కదినమే కాక యేడాది పొడవునను అది మనకు ఉపకారియే. ఇట్టివి వ్రాలుటకు శనగచేనిలో ఎకరమునకు పది చొప్పున అడ్డుకఱ్ఱ గట్టిన గుంజలు పాతినచో పచ్చపురుగును ఏరి తినును. జొన్న మొదలగు ధాన్యపు పైరులలో మాత్రము గింజ పాలుపట్టు వేళకు గుంజలను పెఱికివేయవలెను. లేనిచో గింజ తిను పిట్టలకు అవియే పీటలగును.

చలికాలమున పోచారము చెరువునకు హిమాలయముల కావలినుండి పట్టెతల బాతులు వచ్చును. 1952లో అభయారణ్యముగా ప్రకటింపబడిన ప్రదేశమది; వానిని దూరమునుండి చూచుటయే తగును.

అన్నిటికంటె అన్యాయము పొందునది తెల్లమొగము గుడ్లగూబ. అపశకునమని దానిని కొట్టి చంపువారు కలరు. అది ఎలుకను మ్రింగి, ఎముకలను వెండ్రుకలను ఉండగా కక్కును. పాతగుడి మండపము క్రింద పడియున్న అట్టి యుండను నీట నానవైచి పుల్లతో విప్పి చూడుడు. ఎలుక పుఱ్ఱెలు బయటపడును. పొలమున ఎలుకలకు విషము పెట్టిన మరునాడు చచ్చినవానిని ఏరి లోతుగా పూడ్చవలెను. వానిని తిన్న గుడ్లగూబయు చచ్చు ప్రమాదము కలదు.